ఇన్‌స్పెక్టరు బూట్లు, మా పూజగది

ప్రశ్న: మేము టెక్సాస్‌లోని ప్లానోలో ఉంటున్నాము. ఇల్లు అమ్మకానికి పెడితే, కొనేవారి తరఫున ఇంటిని తనిఖీ చేయడానికి వచ్చిన ఇన్‌స్పెక్టరు బూట్లమీద నీలం కవర్లు తొడుక్కుని, మెట్ల దగ్గర అవి కూడా తీసివేసి, ఇల్లంతా తిరిగాడు. మా అత్తయ్యగారు చాలా నొచ్చుకున్నారు. ఆ బేరం కుదరలేదు. త్వరలో మరొకరు వస్తారు. బూట్లు విప్పమని అడగవచ్చా?

జవాబు: అడగవచ్చునమ్మా. కాని ఒట్టికాళ్ళతో పని చేయమని పట్టుబట్టకండి. మెట్ల దగ్గర కవర్లు తీయడం అమర్యాద కాదు. అవి నున్నటి చెక్కమీద జారుతాయి. పైగా కరెంటు ప్యానెల్ మూత విప్పి తీగలు చూడటం, మేకుల మొనలు పొడుచుకువచ్చే యాటిక్‌లోకి, అంటే పైకప్పు కింది అటకలోకి, ఎక్కడం ఆయన పనిలో భాగాలు. మీ వైపు ప్యానెల్ తరచుగా గరాజ్‌లోనో బయటి గోడకో ఉంటుంది కనుక, సిమెంటు నేలమీద సాక్సులతో నిలబడి దాన్ని తెరవమనడం మనం ఎవరినీ అడగదగిన పని కాదు. పాదాలకు మేకుల వంటివి గుచ్చుకునే ప్రమాదమున్నచోట ఉద్యోగులు తగిన రక్షణ బూట్లు వేసుకునేలా యజమాని చూడాలని అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నియమం. సొంతంగా పనిచేసే ఇన్‌స్పెక్టరుకు అది నేరుగా వర్తించకపోయినా మేకు మేకే కదా!

మరొక సంగతి, ఆయనను నియమించి డబ్బు ఇచ్చేది కొనేవారు. తనిఖీకి సహేతుకమైన వేళల్లో ఇంట్లోకి రానివ్వాలని అక్కడి ప్రామాణిక అమ్మకపు ఒప్పందంలోనే ఉంటుంది కనుక, గుమ్మం దగ్గర వాదనకు దిగితే చిక్కు మీకే. మీ ఏజెంటు ద్వారా ముందురోజే కబురు పెట్టండి: గదులన్నీ ముందు చూసి, గరాజ్, యాటిక్, పైకప్పు, పెరడు చివరకు ఉంచుకోవాలనీ, లోపల తిరగడానికి అడుగు జారని శుభ్రమైన జోడు వేరుగా తెచ్చుకోవాలనీ కోరండి. యాటిక్ నిచ్చెన ఇంటి లోపలికే దిగుతుంటే కింద పాత దుప్పటి పరవండి. దిగేటప్పుడు బూట్ల మట్టితోపాటు, యాటిక్‌లో వేడి, చలి ఆపడానికి పరిచే ఫైబర్‌గ్లాస్ నూగు కూడా రాలుతుంది, నిజానికి బురదకన్నా అదే ఎక్కువ బాధిస్తుంది.

పూజగదిలోనూ ప్లగ్ పాయింట్లు, కిటికీ, పైకప్పు మరకలు చూడవలసిందే. అక్కడ ప్యానెలూ నిచ్చెనా ఉండవు కాబట్టి, ఆ కొద్ది నిమిషాలు మాత్రం బూట్లు గడప బయట విడవమని నిస్సంకోచంగా అడగండి. అత్తయ్యగారికి అప్పటికీ మనసొప్పకపోతే, ఆ ఉదయం దీపారాధన అయ్యాక పటాలను మరో గదిలోకి మార్చండి.