జాలులో బుల్లి తూనీగ

ప్రశ్న: మా పొలం చెరువు కట్ట కింద, జాలులో ఉంది. వానలు పడ్డప్పటి నుంచి అక్కడి తుంగలో బుల్లి తూనీగలు తిరుగుతున్నాయి. ఓ అంగుళం ఉంటాయేమో. కొన్ని నీలం మీద నల్ల మచ్చలు, కొన్ని లేత పసుపుపచ్చ. తోక మొదట్లో ఉబ్బి చివరికి సూదిలా ఉంది. తూనీగ పిల్లలా? నెట్‌లో వెతికితే ‘నానోఫియా పిగ్మియా’ అనే ఎర్రటి చిన్న తూనీగ వచ్చింది. అదేనా?
– డిగ్రీ విద్యార్థిని, నర్సంపేట

జవాబు: పిల్లలు కావమ్మా. రెక్కలొచ్చాక తూనీగ ఇక పెరగదు. దాని బాల్యమంతా నీళ్లలోనే గడిచిపోతుంది. చిన్నగా కనబడిందంటే ఆ జాతే చిన్నదని.

నెట్ చూపించిన ఎర్రది మగది. జపాన్, మలేసియా వైపు బురద నేలల్లో ఉంటుంది. రెక్కలు చాపినా రెండు సెంటీమీటర్లే, రూపాయి బిళ్ల మీద సరిపోతుంది. నువ్వు చూసింది అది కాదు.

తోక సంగతి రాసి మంచి పని చేశావు. (తోక అంటున్నాం గానీ, అది దాని పొట్ట.) సగం దాకా లావుగా ఉండి, అక్కడి నుంచి ఒక్కసారిగా సన్నబడేది మన దగ్గర ‘అసిసోమా పనార్‌పాయిడిస్’. ఇంగ్లిష్‌లో ట్రంపెట్ టెయిల్ అంటారు. ఆ శాస్త్రీయ నామం 1842లో ఫ్రెంచ్ కీటక శాస్త్రవేత్త రాంబూర్ పెట్టింది. నీలంది మగ, పసుపుపచ్చది ఆడ. రెండు జాతులనుకుని నేనూ ఒకప్పుడు నోట్‌బుక్‌లో రెండు పేజీలు కేటాయించాను!

ఇళ్ల ముందు నేల మీద వాలే ఇంకో చిన్న తూనీగ ఉంది, డిప్లకోడిస్ ట్రివియాలిస్. దాని మగది కూడా ముదిరితే నీలమే. కానీ తోక మొదట్లో అంత ఉబ్బు ఉండదు, ఎండిన నేల మీదా కూర్చుంటుంది. అసిసోమాకు మాత్రం గడ్డీ తుంగా దట్టంగా ఉన్న నిలవ నీళ్లు కావాలి. గట్టిగా ఎగరలేదు, తుంగ కాడల మధ్యే, మోకాలి కిందే తచ్చాడుతుంది. నిలబడి వెతికితే దొరకదు. పోయిన ఏడాది పాకాల దగ్గర దీని కోసమే గొంతుక్కూర్చున్నా. లేవబోతే చెప్పు బురదలో ఉండిపోయింది.

ఈసారి ఫోన్‌లో ఫొటో తీస్తే పైనుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తియ్యి. పొద్దున ఎండెక్కాక వెళ్లు, చెప్పులు గట్టు మీదే వదిలెయ్యి.