తవ్వకాల్లో దొరికిన కుండపెంకులను చెన్నై వేడిలో ఊడకుండా అతికించడం ఎలా?

సూపర్ గ్లూ వాడొచ్చా, లేక అతికించకుండా త్రీడీ స్కాన్ ఒక్కటే సరిపోతుందా అని అడిగారు. సూపర్ గ్లూ, ఎపాక్సీ రెండూ వద్దు. అతుకు తప్పితే విప్పేటప్పుడు పెంకు అంచే ఊడొస్తుంది.

ముందు మెత్తటి బ్రష్‌తో మట్టి తీయండి. లోపల అడుగంటిన మసిని మాత్రం కడగొద్దు, ఆనాటి తిండి గురించి చెప్పేది అదే. తీరప్రాంతపు పెంకుల్లో ఉప్పు ఉంటుంది. బాగా కాలిన పెంకులైతే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, నీటి వాహకత (కరిగిన ఉప్పుతో పెరిగే, కరెంటును ప్రసరింపజేసే గుణం) పెరగడం ఆగేదాకా నీళ్లు మార్చాలి. ఉప్పు మిగిలితే స్ఫటికాలై పైపొరను రాల్చేస్తుంది.

జిగురుగా అసిటోన్‌లో కరిగే పారలాయిడ్ బి-72 అనే యాక్రిలిక్ రెసిన్ వాడతారు. పొడిగా రాలే అంచులకు 3-5 శాతం ద్రావణం, అతకడానికి 50 శాతం దాకా చిక్కనిది. ఇది 40 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. చెన్నై మే నెలలో ఏసీ లేని గదిలో పెద్ద కుండ బరువుకి అతుకులు జారేది అందుకే. అలాంటిచోట 60 డిగ్రీల దాకా ఓర్చే బి-44 అనే అదే రకం రెసిన్ కలుపుతారు. వానాకాలంలో ఇంకో చిక్కు: అసిటోన్ ఆవిరై చల్లబడిన చోట తేమ చేరి జిగురు తెల్లబారుతుంది.

జిగురు ముట్టుకోకముందే పెంకులన్నీ టేపుతో కూర్చి, వరుస నంబర్లు వేసుకోండి. లేకపోతే చివరి పెంకుకి చోటే మిగలదు. అతికినదాన్ని ఇసుక తొట్టిలో, బరువు నిట్టనిలువుగా పడేలా నిలపాలి.

స్కాన్ ఉపయోగం ఖాళీల దగ్గర. స్కాన్‌ను ఫొటోలతో చేస్తే, అవి 60-80 శాతం ఒకదానిమీదొకటి వచ్చేలా, పక్కన స్కేలు పెట్టి తీయాలి. సారెపై చేసిన కుండైతే మిగిలిన అంచు వంపును కంప్యూటర్‌లో కుండ నడిమి అక్షం చుట్టూ తిప్పితే పోయిన భాగం ఆకారం వస్తుంది. దాన్ని ప్రింట్ చేసి అమర్చవచ్చు. కానీ అరిగిన అంచులు స్కాన్‌లో సరిపోయినట్టే కనిపిస్తాయి, చేత్తో పట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది.