చుట్ట పొగలోని క్యాన్సర్ కారకాలను ఎలా కొలుస్తారు?

విశాఖ జాలరిపేటలో మీ నాయనమ్మగారు అడ్డపొగ (చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడం) తాగుతారనీ, ఆ పొగలో విషం ఎంత ఉందో ప్రయోగశాల చెప్పగలదా అనీ అడిగారు. చెప్పగలదు, కొంతవరకే.

మనిషికి బదులు యంత్రం తాగుతుంది. సిగరెట్లకు వాడే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం నిమిషానికి ఒక దమ్ము, 2 సెకన్ల పాటు, 35 మిల్లీలీటర్లు. పొగలోని కణాలు గాజునార వడపోతకు అంటుకుంటాయి. దాన్ని ద్రావకంలో నానబెట్టి, వెతుకుతున్న రసాయనాన్నే భార హైడ్రోజన్‌తో (బరువు ఎక్కువున్న హైడ్రోజన్ రూపం) తయారుచేసి తెలిసిన మోతాదులో కలుపుతారు. మధ్యలో కొంత నష్టపోయినా పొగలోంచి వచ్చినదీ, మనం కలిపినదీ ఒకే నిష్పత్తిలో పోతాయి, లెక్క తప్పదు. ఇందులో నాకు నచ్చిన తెలివి ఇదే. ఆపై క్రొమటోగ్రఫీ రసాయనాలను వేరుచేస్తుంది, మాస్ స్పెక్ట్రోమీటర్ వాటిని బరువును బట్టి గుర్తుపట్టి కొలుస్తుంది.

ఎన్‌ఎన్‌ఎన్, ఎన్‌ఎన్‌కే అనే క్యాన్సర్ కారకాలు (నైట్రోసమైన్లు) ఆకును ఆరబెట్టి మగ్గబెట్టేటప్పుడే పుడతాయి కాబట్టి వాటిని పొగాకులోనూ కొలవవచ్చు. బెంజోపైరీన్ అనే మరో క్యాన్సర్ కారకం ప్రధానంగా మంటలో పుడుతుంది.

అసలు చిక్కు, యంత్రం మనిషిలా తాగదు. సిగరెట్ ఫిల్టర్‌కు గాలి కోసం ఉండే రంధ్రాలు వేళ్ల కింద మూసుకుపోతాయి. అందుకే కెనడా పద్ధతిలో వాటిని మూసి, 30 సెకన్లకోసారి 55 మిల్లీలీటర్లు లాగిస్తారు. రెండింటిలోనూ నిప్పు బయటే ఉంటుంది. అడ్డపొగలో అది నోట్లో ఉంటుంది. ఉత్తరాంధ్ర తీరంలో అంగిలి క్యాన్సర్‌కు ఈ అలవాటుతో ఉన్న సంబంధాన్ని వైద్యులు ఎప్పుడో గుర్తించారు.

ఒంట్లోకి ఎంత చేరిందో తెలియాలంటే మూత్రంలో ఎన్‌ఎన్‌ఏఎల్ చూడాలి. ఎన్‌ఎన్‌కే శరీరంలో మారి అదే అవుతుంది. ఈలోగా ఆమె అంగిలిని దంతవైద్యునికి ఒకసారి చూపించండి, దానికి ఏ యంత్రమూ అక్కర్లేదు.