మా ఊరి జనాభా సెన్సస్‌లో ఎక్కువ, పంచాయతీ లెక్కలో తక్కువ. ఎందుకు?

రెండింటికీ 'ఊరు' అంటే ఒకటి కాదు. సెన్సస్ లెక్క రెవెన్యూ గ్రామానిది. చుట్టూ ఉన్న తండాలు, శివారు పల్లెలూ అందులోనే కలుస్తాయి. పంచాయతీ హద్దులు వేరు. తెలంగాణలో 2018లో చాలా తండాలు విడిపోయి సొంత పంచాయతీలయ్యాయి. పైగా సెన్సస్ అంకెలు 2011 నాటివి.

ఇంకో తిరకాసు వలస, ఇది సెన్సస్ అంకెని తగ్గించేది. అప్పుడు ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఊళ్లో అసలు లేనివాళ్లని ఊరి లెక్కలో వేయలేదు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఏ లెక్కలోనూ లేరు, రేషన్ కార్డులో పేరున్నా సరే! గల్ఫ్ వలసలు ఎక్కువగా ఉన్న ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో వెయ్యి మంది మగవాళ్లకి 1,040 మంది ఆడవాళ్లు కనిపించడానికి ఇదీ ఒక కారణమే.