యూనివర్సిటీ 'పార్ట్‌నర్' అని చెప్పుకునే కంపెనీ ద్వారా ఆన్‌లైన్ ఎంబీఏలో చేరవచ్చా? ఇలాంటి కంపెనీల మీద ప్రభుత్వ నియంత్రణ ఉందా?

మీ తమ్ముడు నర్సంపేటలో ఉద్యోగం చేసుకుంటూ ఆన్‌లైన్ ఎంబీఏ చేద్దామనుకుంటున్నాడని, హనుమకొండలో ఒక కంపెనీ తాను ఫలానా యూనివర్సిటీకి అఫీషియల్ పార్ట్‌నర్‌నని చెప్పి సీటు బుకింగ్‌కు 15 వేలు కట్టమంటోందని రాశారు. నియంత్రణ ఉంది. అయితే దాని బరువంతా యూనివర్సిటీ మీద పడుతుంది, మధ్యలో ఉన్న కంపెనీ మీద పెద్దగా పడదు. అందుకే ముందు జాగ్రత్త మనమే తీసుకోవాలి.

నేను హనుమకొండలో ఒక ప్రైవేట్ డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్తాను. అంతకుముందు కొన్నేళ్లు దూరవిద్య స్టడీ సెంటర్ పనులు చూశాను. ఇలాంటి కంపెనీలు కాలేజీకి వస్తే ప్రిన్సిపాల్ గారు ఆ కాగితాలు నాకు పంపిస్తారు.

రూల్ ఏమిటో ముందు చెప్తాను. యూనివర్సిటీలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ యూజీసీ 2020లో తెచ్చిన దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల నిబంధనల ప్రకారం డిగ్రీ కోర్సును ఫ్రాంచైజీకి ఇవ్వకూడదు. అడ్మిషన్, పాఠాలు, పరీక్షలు, పట్టా అన్నీ యూనివర్సిటీ బాధ్యతే. ఫీజు కూడా విద్యార్థి నుంచి నేరుగా యూనివర్సిటీ పేరు మీదే వెళ్లాలి. కంపెనీ సాఫ్ట్‌వేర్ ఇవ్వొచ్చు, వీడియో క్లాసులు ఆగకుండా నడిచేలా చూసుకోవచ్చు. అంతకుమించి సీటు అమ్మే హక్కు దానికి లేదు. 2022 జనవరిలో యూజీసీ పబ్లిక్ నోటీసు ఇచ్చి మరీ ఈ మాట చెప్పింది. యూనివర్సిటీలతో కలిసి డిగ్రీలు ఇస్తామని ఎడ్‌టెక్ కంపెనీలు (ఆన్‌లైన్ చదువుల వ్యాపారం చేసేవి) ప్రకటనలు ఇస్తున్నాయని, అలాంటి ఫ్రాంచైజీ ఒప్పందాలు కుదరవని, ఇద్దరి మీదా చర్య ఉంటుందని హెచ్చరించింది. అదే ఏడాది అక్టోబరులో, విదేశీ యూనివర్సిటీల పేరు చెప్పి ఎడ్‌టెక్‌లు అమ్మే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని యూజీసీ, సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ కలిసి ప్రకటించాయి.

అలాగని ఆన్‌లైన్ డిగ్రీ అంటేనే భయపడాల్సిన పని లేదు. అనుమతి ఉన్న యూనివర్సిటీ నుంచి తీసుకున్న ఆన్‌లైన్ డిగ్రీ, కాలేజీకి వెళ్లి చదివిన డిగ్రీతో సమానమేనని యూజీసీ 2022 సెప్టెంబరులో స్పష్టం చేసింది. మీ తమ్ముడి కోరికలో తప్పేమీ లేదు. దారి సరైనదా కాదా అన్నదే చూసుకోవాలి.

మా కాలేజీకి వచ్చిన ఒక ఎంఓయూ (ఒప్పంద పత్రం) గురించి చెప్తే ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో అర్థమవుతుంది. కవరు మీద పెద్దక్షరాల్లో యూనివర్సిటీ పేరు, లోపల సంతకం చేయాల్సిన చోట మాత్రం ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పేరు. ఆదివారాలు కంప్యూటర్ ల్యాబ్ ఇవ్వాలి, ఫైనల్ ఇయర్ పిల్లల ఫోన్ నంబర్లు ఇవ్వాలి, మా కాలేజీ పేరు వాళ్ల పాంప్లెట్ మీద 'లెర్నింగ్ సెంటర్' అని వేసుకోనివ్వాలి. బదులుగా చేరిన ప్రతి విద్యార్థికీ ఇంత అని కాలేజీకి డబ్బు వస్తుంది. చదువు ఎవరు చెప్తారో, సందేహం వస్తే ఎవరిని అడగాలో ఆ కాగితాల్లో ఒక్క లైను కూడా లేదు. యూనివర్సిటీ రిజిస్ట్రార్ సంతకం ఉన్న లెటర్ తీసుకురమ్మన్నాను. 'పైన మాట్లాడుతున్నాం సార్' అని వెళ్లిన మనిషి మళ్లీ రాలేదు. వేరే చోట కాలేజీ ఒప్పుకుంటే ఆ పాంప్లెట్ చూసి పిల్లలు, తల్లిదండ్రులు నమ్మేవాళ్లే కదా. పిల్లల ఫోన్ నంబర్లు అడిగిన ఆ లైను గుర్తొస్తే ఇప్పటికీ కోపం వస్తుంది.

మా దగ్గర చదివిన పరకాల అమ్మాయి ఒకసారి రసీదు తెచ్చి చూపించింది. పైన కంపెనీ లోగో, కింద 'ఎన్‌రోల్‌మెంట్ చార్జీలు', ఆ పక్కన 18 శాతం జీఎస్టీ. ఆ జీఎస్టీ దగ్గరే విషయం తేలిపోయింది. గుర్తింపు ఉన్న డిగ్రీ చదువుకు యూనివర్సిటీ తీసుకునే ఫీజు మీద జీఎస్టీ ఉండదు, దానికి మినహాయింపు ఉంది. 18 శాతం వేశారంటే ఆ డబ్బు కంపెనీ తన సేవ కోసం తీసుకున్నట్టు. యూనివర్సిటీకి ఫోన్ చేసి అడిగితే ఆమె పేరే అడ్మిషన్లలో లేదన్నారు. మిగతా ఫీజు 'ఈజీ ఈఎంఐ' అని చెప్పి ఫోన్‌లోనే ఒక ఫైనాన్స్ కంపెనీ లోన్ పెట్టించారు. ఆమె అది ఫీజు వాయిదా అనుకుంది. అదృష్టవశాత్తు కూలింగ్ ఆఫ్ గడువు ఇంకా దాటలేదు. డిజిటల్ లోన్ తీసుకున్నవాళ్లు ఆ గడువులోపు అసలు, అన్ని రోజుల వడ్డీ కట్టేసి పెనాల్టీ లేకుండా బయటపడొచ్చని ఆర్‌బీఐ నిబంధన. గడువు ఎంతో లోన్ కాగితాల్లో కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో, అంటే లోన్ ముఖ్య వివరాల పేజీలో రాసి ఉంటుంది. లోన్ మొత్తం అడ్మిషన్ పేరుతో డబ్బు తీసుకున్న ఆ కంపెనీ చేతికే వెళ్లింది కాబట్టి ఇంట్లోవాళ్లు వేరే డబ్బు సర్ది క్లోజ్ చేశారు. తర్వాత కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తే కొంత తిరిగొచ్చింది, అంతా రాలేదు.

ఇలాంటి కంపెనీలు ఇంత ధైర్యంగా ఎందుకుంటాయంటారా? యూజీసీ చట్టం 1956 నాటిది. డిగ్రీ ఇచ్చే హక్కు ఎవరికి ఉందో సెక్షన్ 22 చెప్తుంది. దాన్ని ఉల్లంఘిస్తే సెక్షన్ 24 ప్రకారం జరిమానా గరిష్ఠంగా 1,000 రూపాయలు. కంపెనీలకు ఆ మొత్తం ఒక లెక్కా? యూనివర్సిటీ తప్పు చేస్తే కోర్సు అనుమతి తీసేయొచ్చు. కంపెనీ దగ్గర తీసేయడానికి అనుమతే లేదు. మన చేతిలో మిగిలింది వినియోగదారుల చట్టమే. 5 లక్షల లోపు కేసుకు జిల్లా కమిషన్‌లో ఫీజు కూడా ఉండదు, ఆ ధైర్యం చేయండి.

అసలు చిక్కు తలకింత అనే కమీషన్‌లో ఉందని నా గట్టి అభిప్రాయం. అమెరికాలో ఫెడరల్ (అక్కడి కేంద్ర ప్రభుత్వ) విద్యార్థి సాయం తీసుకునే కాలేజీలు ఇలాంటి కమీషన్ ఇవ్వకూడదని 1992లోనే చట్టం చేశారు. 2011లో అక్కడి విద్యాశాఖ, విద్యార్థులను చేర్పించడంతో పాటు వేరే సేవలు కూడా కలిపి అందించే కంపెనీలకు ఫీజులో వాటా ఇవ్వొచ్చని వెసులుబాటు ఇచ్చింది. ఆన్‌లైన్ కోర్సులు నడిపే కంపెనీలు ఆ వెసులుబాటు మీదే పెరిగాయి. 2023 ఫిబ్రవరిలో వాటిని కూడా 'థర్డ్ పార్టీ సర్వీసర్' (కాలేజీ తరఫున ఫెడరల్ సాయం పనులు చూసే బయటి సంస్థ) నిబంధనల కిందికి తేబోతే కాలేజీల నుంచే గట్టి వ్యతిరేకత వచ్చి అమలు వాయిదా పడింది. ఆ 1992 చట్టంలోనూ, ఫెడరల్ సాయానికి అర్హత లేకుండా విదేశాల్లో ఉండే విద్యార్థుల విషయంలో మినహాయింపు ఉంది. అందుకే మా హనుమకొండ నక్కలగుట్టలో బోర్డు పెట్టిన అబ్రాడ్ కన్సల్టెన్సీకి అక్కడి కాలేజీ మన పిల్లవాడి పేరున కమీషన్ ఇచ్చినా అక్కడి చట్టం ప్రకారం తప్పు కాదు. మన దగ్గరైనా ఈ కమీషన్‌ను సూటిగా నిషేధించాలి. ఏ కంపెనీతో ఏ పనికి ఒప్పందం ఉందో, ఎంత ఇస్తున్నారో ప్రతి యూనివర్సిటీ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి.

ఇక మీ తమ్ముడి సంగతి. ఆ 15 వేలు ఇప్పుడే కట్టొద్దనండి. యూజీసీ దూరవిద్య బ్యూరో వెబ్‌సైట్‌లో ఆ యూనివర్సిటీ పేరు, ఎంబీఏ ఆన్‌లైన్ కోర్సు, ఈ ఏడాది సెషన్ మూడూ ఉన్నాయో లేదో చూడమనండి. యూనివర్సిటీ ఉండి కోర్సు లేకపోయినా, కోర్సు ఉండి సెషన్ అయిపోయినా పనికిరాదు. ఉంటే కంపెనీని పక్కనపెట్టి యూనివర్సిటీ సొంత వెబ్‌సైట్‌లోనే అప్లై చేసి, ఫీజు అక్కడే కట్టి, రసీదు యూనివర్సిటీ పేరున తీసుకోవాలి. 'చివరి తేదీ ఈ రోజే' అని ఫోన్ల మీద ఫోన్లు చేసి టెన్షన్ పెడతారు. నిజమైన తేదీ యూజీసీ, యూనివర్సిటీ సైట్లలో ఉంటుంది.

ఇంకొకటి, 2024 నుంచి దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల్లో చేరే ప్రతి విద్యార్థికీ డెబ్ ఐడీ (యూజీసీ దూరవిద్య బ్యూరో ఇచ్చే నంబరు) తప్పనిసరి. అది తనే చేసుకోవచ్చు, ఏబీసీ ఐడీ (చదువు క్రెడిట్లు జమ చేసే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా నంబరు) ఉంటే చాలు. 'మేమే చేసిపెడతాం, ఓటీపీ చెప్పండి' అంటే చెప్పొద్దనండి. అప్పటికే కంపెనీ వాళ్లు చేసేసి ఉంటే అందులో ఎవరి ఫోన్ నంబరు, ఎవరి మెయిల్ పెట్టారో ముందు చూసుకోమనండి.