స్టవ్ ‘ఎర్రర్ కొట్టడం’ తెలుగేనా?

సందేహం: మా అమ్మ తెనాలిలో ఉంటుంది, నేను డాలస్‌లో. మొన్న ఫోన్ చేసి, "కొత్త ఇండక్షన్ స్టవ్ ఎర్రర్ కొడుతోందే. ఈ, పక్కన సున్నా, ఎర్రగా పడుతున్నాయి. ఎర్రగా పడుతుందనే ఎర్రర్ అంటారా?" అంది. స్టవ్‌తో వచ్చిన పుస్తకంలో తెలుగు పేజీని ఫొటో తీసి పంపమన్నాను. అందులో ‘దోష సంకేతం ఈ-0: పాత్ర అభిజ్ఞాన వైఫల్యం’ అని ఉంది. అది అమ్మకీ అర్థం కాలేదు, నాకూ కాలేదు. నా సందేహాలు మూడు. ‘ఎర్రర్ కొట్టడం’ సరైన తెలుగేనా? ఎర్రర్ కోడ్‌కి తెలుగులో ఏమనాలి? ఇక్కడ మా ఇంట్లో ఉన్న పెద్ద పొయ్యిని రేంజ్ అంటారు, దాన్ని అమ్మకి ఏమని చెప్పను?

సమాధానం: మాటల సంగతి తర్వాత, ముందు అమ్మగారి వంట సంగతి. స్టవ్ మీద ఏ గిన్నె పెట్టారో మీరు రాయలేదు. సిల్వర్ గిన్నె అయ్యుంటుందని నా అనుమానం. మనవాళ్లు సిల్వర్ అనేది వెండిని కాదు, అల్యూమినియాన్ని. కొన్నిచోట్ల సత్తుగిన్నె అంటారు. ఇండక్షన్ స్టవ్‌లో గాజుపలక కింద రాగితీగ చుట్ట ఉంటుంది. అందులో కరెంటు సెకనుకి వేలసార్లు దిశ మార్చుకుంటూ పారుతుంది. దాని అయస్కాంత ప్రభావానికి పైన ఇనుము అడుగున్న గిన్నె తనే వేడెక్కుతుంది. ఆ గిన్నె లేకపోయినా, ఉన్నది దానికి నచ్చకపోయినా స్టవ్ మొరాయించి ఒక అంకె చూపిస్తుంది. చాలా స్టవ్‌లలో ఈ-సున్నా అంటే అదే. గిన్నె అడుగున అయస్కాంతం అంటుకుంటే పనికొస్తుంది, జారిపోతే పనికిరాదు. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతపు చిలకతో గిన్నెలన్నీ పరీక్షించాను. స్టీలు గిన్నెల్లోనే రెండు తప్పాయి, మా ఆవిడ ఇంకా నమ్మడం లేదు.

ఇప్పుడు ‘కొట్టడం’. ఇది నిక్షేపంలాంటి తెలుగు. మనకి కొట్టడాలు రెండు రకాలు. ఈల కొట్టడం, చప్పట్లు కొట్టడం, కొబ్బరికాయ కొట్టడం మనిషి పూనుకుని చేసేవి. ఎండ కొడుతోంది, వాసన కొడుతోంది, షాక్ కొట్టింది అన్నప్పుడు పూనుకున్నవాడు ఎవడూ లేడు, దెబ్బ మాత్రం మనకి తగులుతుంది. ఎర్రర్ కొట్టడం ఈ రెండో వరసలోది. పైగా ఆ స్టవ్ ఊరికే అంకె చూపించి ఊరుకోదు, కుయ్ కుయ్‌మని మోగుతుంది కూడా. ‘ఎర్రర్ వస్తోంది’ అన్నా తప్పు లేదు, ‘చూపిస్తోంది’ అన్నా తప్పు లేదు. కానీ ‘చూపిస్తోంది’లో విసుగు లేదు, ‘కొడుతోంది’లో ఉంది. గిన్నెలో పాలు పోసుకుని నిలబడ్డ మనిషికి కావలసింది రెండోదే.

ఎర్రగా పడుతుంది కాబట్టి ఎర్రర్ అనుకోవడాన్ని భాషాశాస్త్రంలో లోకనిరుక్తి అంటారు. తెలియని మాటని తెలిసిన మాటతో ముడిపెట్టి అర్థం చెప్పుకోవడం. ఎర్రర్‌కి మూలమైన లాటిన్ ధాతువుకి అర్థం తిరుగాడడం, దారి తప్పడం. విచిత్రమేమంటే మన ‘తప్పు’ కూడా అలాంటిదే: దారి తప్పాడు, గురి తప్పింది, పిల్లవాడు తప్పిపోయాడు. క్రియగా ఉన్నన్నాళ్లూ అందులో నేరం లేదు. నామవాచకమయ్యాక నేరం చేరింది. పల్లెల్లో పంచాయతీ పెద్దలు ‘తప్పు’ వేసేవారు, అంటే జరిమానా. అందుకే పొయ్యికి తప్పు అంటగట్టడానికి మనకి నోరు రాదు.

మరి పుస్తకంవాళ్లు రాసిన ‘దోషం’? అది వస్తువుని అంటిపెట్టుకుని ఉండే చెడు. కుజదోషం, దృష్టిదోషం, వాతదోషం. ‘దోషం’ అని చదవగానే అమ్మగారు స్టవ్ పాడైపోయిందనే అనుకుంటారు, కొన్న కొట్టుకి తిరిగి పంపేద్దామంటారు. ఇక్కడ స్టవ్ నిక్షేపంగా ఉంది, గిన్నే దానికి కనబడలేదు. ‘పొరపాటు’ మనిషి పరాకుగా చేసేది, అదీ కుదరదు. నన్నడిగితే ‘లోపం’ నయం. వ్యాకరణం చదివినవాళ్లకి ఈ మాట వినగానే పాణిని సూత్రం గుర్తుకొస్తుంది: ‘అదర్శనం లోపః’. ఉండవలసినది కనబడకపోవడమే లోపం. గాజుపలక మీద గిన్నె స్టవ్‌కి కనబడకపోవడానికి ఇంతకంటే సరిపోయే నిర్వచనం నాకు దొరకలేదు.

కోడ్‌కి ‘సంకేతం’ పరవాలేదు గానీ నాకు ‘సంజ్ఞ’ ఇష్టం. 1858లో వచ్చిన చిన్నయసూరి బాలవ్యాకరణం సంజ్ఞా పరిచ్ఛేదంతోనే మొదలవుతుంది. సంజ్ఞ అంటే ఆ శాస్త్రం లోపల పెట్టుకున్న పొట్టి పేరు. గడప దాటితే దాని అర్థం మారిపోతుంది. సూరికి ద్రుతమంటే నకారం, తాళం వేసేవాడికి ద్రుతమంటే రెండక్షరాల కాలం. సూరికి కళలంటే చివర ఆ నకారం లేని మాటలు, నాట్యం చేసేవారి కళలు వేరు. స్టవ్ అంకెలూ అంతే. ఒక కంపెనీ ఈ-ఒకటి అంటే కరెంటు తక్కువగా వస్తోందని, ఇంకో కంపెనీ ఈ-ఒకటి అంటే లోపల వేడెక్కిపోయిందని కావచ్చు. పక్కింటివాళ్లు వాళ్ల స్టవ్ చూసి చెప్పిన అర్థాన్ని అమ్మగారు నమ్మకూడదు, తన పుస్తకమే చూడాలి.

ఇంతా చెప్పి, ‘లోపసంజ్ఞ’ అని ఫోన్‌లో వాడమని మీకు చెప్పను. అచ్చు పుస్తకంలో పట్టిక మీద శీర్షికగా అది ఒదుగుతుంది. మాటల్లో ఎర్రర్ కోడే ఉండనివ్వండి. స్టవ్, కరెంటు, స్విచ్ మనవైపోయినప్పుడు దీనికి మాత్రం పేచీ ఎందుకు? నా ఫిర్యాదల్లా దాని పక్కన ఉన్న ‘పాత్ర అభిజ్ఞాన వైఫల్యం’ మీద. అభిజ్ఞానమంటే గుర్తు, శకుంతల పోగొట్టుకున్న ఉంగరం. సంస్కృతం తెలిసినవాడికి అది ఉంగరాన్ని గుర్తుచేస్తుంది, తెలియనివాడికి ఏదీ గుర్తుచేయదు. ‘గిన్నె పెట్టలేదు, లేదా పెట్టిన గిన్నె ఈ స్టవ్‌కి పనికిరాదు’ అని రాస్తే స్థలం కొంచెం ఎక్కువ పడుతుంది, అంతే. కోడ్‌ని కుదించడానికి కారణముంది: ఏడు గీతల దీపంతో ‘ఈ’ అనే ఇంగ్లీషు అక్షరమో సున్నానో వెలిగించగలం గానీ ‘గి’ వెలిగించలేం. కాగితానికి ఆ ఇబ్బంది లేదు కదా.

ఇక రేంజ్. తెలుగులో ఈ మాట ఇప్పటికే వేరే ఉద్యోగంలో ఉంది. ‘వాడి రేంజే వేరు’ అంటే హోదా. ‘మా ఇంట్లో రేంజ్ ఉంది’ అని తెనాలికి ఫోన్ చేస్తే గొప్పలు పోతున్నారనుకుంటారు. ఫ్రెంచిలో దీని మూలానికి అర్థం వరుస. ఈ పొయ్యి మీదా వరుసగా కొన్ని గిన్నెలు ఎక్కించవచ్చు. మన పెళ్లిళ్లలో దీనికి సరిజోడు ఉంది. పందిరి వెనక నేలలో పొడుగ్గా గాడి తవ్వి, కింద కట్టెలు ఎగదోసి, పైన అండాలూ గంగాళాలూ వరసగా ఎక్కించేవారే, దాన్ని గాడిపొయ్యి అంటారు. అమ్మగారికి ‘కరెంటు గాడిపొయ్యి, కింద ఓవెన్ కూడా ఉంటుంది’ అని చెప్పండి. నవ్వుతారు గానీ బొమ్మ కళ్లకి కడుతుంది.

ఒక్క జాగ్రత్త. అమ్మగారు డాలస్ వచ్చినప్పుడు, మీది గాజుపలక రేంజ్ అయితే, ఆపేశాక కూడా దాని మీద ‘హెచ్’ అన్న అక్షరం వెలుగుతూ ఉండవచ్చు. అది ఎర్రర్ కాదు, పలక ఇంకా చల్లారలేదని చెప్పడం. ‘ఇదీ ఎర్రర్ కొడుతోందే’ అని ఆవిడ చెయ్యి పెట్టి తుడవబోతారు. ముందే చెప్పి ఉంచండి.