“ఈ ట్యాంకుతో ముందేం కొట్టావు?”: ఎరువుల కొట్టు చదువులపై పాఠకుల ప్రశ్నలు

విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల అమ్మకం మీద వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి ఈ నెల జవాబు రాస్తున్నాను. మొదటి ఉత్తరానికి చెప్పాల్సింది ఎక్కువ ఉంది కాబట్టి అది పెద్దదైంది.

ప్రశ్న: మాది మధిర దగ్గర పల్లెటూరు. అగ్రి పాలిటెక్నిక్ రెండో ఏడాది చదువుతున్నాను. నాన్న మూడెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేస్తాడు. డిప్లొమా అయ్యాక మందుల కంపెనీలోనో, విత్తనాల కంపెనీలోనో సేల్స్ ఉద్యోగంలో చేరాలని ఉంది. ఇంట్లో మాత్రం “సంచీ తగిలించుకుని ఊళ్లు తిరిగే పని ఆడపిల్లకెందుకు, అందులో చదువుకోవడానికి ఏముంది, అగ్రిసెట్ ప్రవేశ పరీక్ష రాసి బీఎస్సీ అగ్రికల్చర్ చెయ్యి” అంటున్నారు. నిజంగా ఈ పనిలో ఎదుగుదల ఉండదా సార్?

జవాబు: అమ్మా, “చదువుకోవడానికి ఏముంది” అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. 1998లో బీజెడ్‌సీ (వృక్ష, జంతు, రసాయన శాస్త్రాలు) డిగ్రీతో ఒక మందుల కంపెనీలో ఫీల్డ్ అసిస్టెంట్‌గా చేరినప్పుడు నేనూ అదే అనుకున్నాను. రేట్ల కాగితం బట్టీ పడితే పని వచ్చేసినట్టే అని నా నమ్మకం.

మరుసటి ఏడాది వినుకొండ వైపు ఒక షాపులో కూర్చుని ఉండగా ఒక రైతు పత్తి కొమ్మ విరుచుకుని వచ్చాడు. ఆకులు వెడల్పు పోయి, చేతివేళ్లలా సన్నగా చీలి ఉన్నాయి. విత్తనం మోసమని ఆయన, వైరస్ అని షాపాయన. అప్పటికే రెండు డబ్బాలు కౌంటరు మీదికి వచ్చేశాయి. వాటిలో ఒకటి మా కంపెనీదే. అది అమ్ముడుపోతుందని నేను సంబరపడుతున్నాను. అంతలో తనిఖీకి వచ్చిన వ్యవసాయాధికారి కొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి ఒకటే అడిగాడు. “ఈ ట్యాంకుతో ముందేం కొట్టావు?”

మందు కొట్టే ఆ ట్యాంకు రైతుది కాదు. పక్క పొలం వాళ్లు జొన్నలో 2,4-డి కలుపు మందు కొట్టిన ట్యాంకు. అడిగి తెచ్చుకుని, ఒకసారి నీళ్లు పోసి తొలిచి, పత్తికి వాడేశాడు. ఆ మందు అడుగున కాస్త మిగిలినా పత్తి తట్టుకోలేదు. దానికి విరుగుడుగా కొట్టే మందు లేదు. తడి పెట్టి, కొంచెం ఎరువు వేసి, కొత్త చిగురు కోసం చూడటమే. డబ్బాలు రెండూ మళ్లీ బీరువాలోకి వెళ్లాయి. ఆ రాత్రి బస్సులో ఇంటికి వస్తూ నాకు నిద్ర పట్టలేదు. అంతసేపు ఆ కొమ్మ నా ఎదురుగా ఉన్నా ఆ ప్రశ్న నాకెందుకు తోచలేదు? ఈ పనిలో చదువంటే అదేనమ్మా. ఇన్నేళ్ల తర్వాత ఇప్పటికీ ఎవరు ఆకు తెచ్చినా నేను ముందు ట్యాంకు సంగతి అడిగాకే ఆకును చేతిలోకి తీసుకుంటాను.

నీ డిప్లొమాలో నేల, ఎరువులు, తెగుళ్లు, పురుగులు అన్నీ ఉంటాయి. వాటిని పరీక్ష కోసం కాకుండా కౌంటరు కోసం చదువు. ఒక ఉదాహరణ చెప్తాను. డీఏపీ ఎరువు దొరక్క జనం లైన్లో నిలబడే రోజులు నువ్వూ చూసే ఉంటావు. 50 కిలోల డీఏపీ బస్తాలో ఉండేది 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌లో భాస్వరం 16 శాతం కాబట్టి 50 కిలోల బస్తాలు మూడు వేస్తే 24 కిలోలు వచ్చేస్తుంది. యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి 20 కిలోలు వేస్తే 9 కిలోల పైచిలుకు. అంటే మూడు సూపర్ బస్తాలు, సగం కంటే తక్కువ యూరియా బస్తా కలిస్తే ఆ డీఏపీ లోటు తీరినట్టే. పైగా సూపర్‌లో గంధకం ఉంటుంది. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించగలిగితే రైతు నీ మాట వింటాడు. డీఏపీతో పాటు అక్కర్లేని సీసా ఒకటి అంటగట్టే వాళ్ల నుంచి అతన్ని కాపాడినట్టూ అవుతుంది.

లేబుల్ చదవడం కూడా అంతే. డబ్బా మీద త్రికోణం ఎరుపా, పసుపా, నీలమా, ఆకుపచ్చా అన్నదాన్ని బట్టి విషం తీవ్రత తెలుస్తుంది. ఎరుపు అన్నిటికంటే ప్రమాదం. ఏ పంటకు, ఏ పురుగుకు, ఎకరానికి ఎంత, కొట్టాక ఎన్ని రోజులకు కోయాలి అన్నీ లోపలి కరపత్రంలో ఉంటాయి. సన్న అక్షరాలని చాలామంది అమ్మేవాళ్లే చదవరు. నువ్వు చదువు.

మీ నాన్నగారిది మిరప కాబట్టి 2021 సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. నల్ల తామర పురుగు పూతలో దూరి ఖమ్మంలో, గుంటూరులో తోటలకు తోటలే పాడుచేసింది. రైతులు రెండు రోజులకోసారి, మూడు రోజులకోసారి కొట్టారు. రెండు మూడు మందులు కలిపి కొట్టారు. పురుగు తగ్గలేదు, బిల్లు పెరిగింది. అప్పటికి నాకు సొంత షాపు ఉంది. మొదటి పదిహేను రోజులు నేనూ అడిగినవన్నీ ఇచ్చాను. ఆ తర్వాత గుంటూరు దగ్గరి లాం ఫారం వ్యవసాయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తల సూచనలు చదివి నీలి రంగు జిగురు అట్టలు, వేపనూనె తెప్పించి, ఘాటు మందులు పదే పదే కొట్టవద్దని చెప్పడం మొదలుపెట్టాను. కొందరు పక్క షాపుకు వెళ్లిపోయారు. పోనివ్వమ్మా. ఆ పదిహేను రోజుల అమ్మకం తలుచుకుంటే నాకిప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక ఉద్యోగం. కంపెనీలో మెట్లు ఇలా ఉంటాయి: ఫీల్డ్ అసిస్టెంట్, సేల్స్ ఆఫీసర్, టెరిటరీ మేనేజర్, ఏరియా మేనేజర్, ఆపైన రీజినల్. డిప్లొమాతో మొదటి మెట్టు దొరుకుతుంది. ఒక మాట ముందే తెలుసుకో. చాలాచోట్ల ఫీల్డ్ అసిస్టెంట్లను కంపెనీ నేరుగా తీసుకోదు, మధ్యలో ఒక ఏజెన్సీ పేరు మీద తీసుకుంటుంది. అపాయింట్‌మెంట్ లెటర్ ఎవరి పేరుతో వచ్చింది, పీఎఫ్ కడతారా, పెట్రోలు ఖర్చు విడిగా ఇస్తారా, సీజన్ అయిపోయాక కూడా ఉంచుతారా, ఈ నాలుగూ అడిగే చేరు. అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడకు.

పని రెండు భాగాలు. డీలరు గోడౌన్లోకి సరుకు వేయించడాన్ని ప్లేస్‌మెంట్ అంటారు. అక్కడి నుంచి రైతు చేతికి చేరడం లిక్విడేషన్. మార్చి నెలాఖరు టార్గెట్ కోసం డీలరు మెడకు సరుకు చుట్టి వచ్చేసే వాళ్లు ఆ నెల మెప్పు పొందుతారు. జూన్‌లో ఆ సరుకంతా రిటర్న్ వస్తుంది. నువ్వు పొలంలో డెమో ప్లాట్ వేసి, మందు కొట్టిన సాలూ కొట్టని సాలూ పక్కపక్కన చూపించి, ఊళ్లో పదిమందిని పిలిచి మాట్లాడితే లిక్విడేషన్ దానంతటదే జరుగుతుంది. టార్గెట్ టెన్షన్ మాత్రం ఎంత బాగా చేసినా ఉంటుంది, లేదని చెప్పి నిన్ను మభ్యపెట్టను.

ఆడపిల్లకెందుకు అన్నదానికి నా షాపులో చూసిందే చెప్తాను. ఒక విత్తనాల కంపెనీ నుంచి మా మండలానికి ఒక అమ్మాయి స్కూటీ మీద వస్తుంది. మిరప కోతకు, పత్తి తీతకు వచ్చే ఆడవాళ్లు మగ సేల్స్ వాళ్లకు చెప్పని సంగతులు ఆమెకు చెప్తారు. ఏ చేలో కాయ రాలుతోందో, ఏ చేలో మందు కొట్టాక కళ్లు మండాయో అందరికంటే ముందు ఆమెకే తెలుస్తుంది. కష్టాలూ ఉన్నాయి. పొద్దుగూకాక దూరం ఊళ్లలో మీటింగులు పెట్టమంటారు, బయట మరుగుదొడ్డి ఉండదు. రాత్రి మీటింగులు తన వల్ల కాదని ఆ అమ్మాయి మేనేజరుకు మొదటి వారంలోనే చెప్పేసింది. నువ్వూ మొదట్లోనే చెప్పు.

బీఎస్సీ మాటకొస్తే, ఇంట్లో వాళ్లు చెప్పేది తప్పు కాదు. అగ్రిసెట్ సీట్లు తక్కువే, అయినా రాయి. సీటొస్తే చేరు. రాకపోతే ఏడాది పోయిందని కుంగిపోకుండా పనిలో దిగు. సొంతంగా ఏదైనా పెట్టాలంటే అగ్రి క్లినిక్ పథకం ఉంది. 2002 నుంచి హైదరాబాద్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ సంస్థ మేనేజ్ ఆధ్వర్యంలో నడుస్తోంది. డిప్లొమా వాళ్లూ అర్హులే. 45 రోజుల శిక్షణ అయ్యాక బ్యాంకు రుణానికి వెళ్లొచ్చు. సబ్సిడీ మామూలుగా 36 శాతం, మహిళలకు 44. శిక్షణ అయిన వాళ్లందరికీ బ్యాంకు వెంటనే అప్పు ఇచ్చేస్తుందని అనుకోకు. నా సలహా, కనీసం మూడు సీజన్లు ఎవరి దగ్గరైనా పనిచేశాకే ఆ దారి చూడు.

ప్రశ్న: సత్తెనపల్లి దగ్గర మాకు పాతికేళ్లుగా ఎరువులు, పురుగుమందుల షాపు ఉంది. లైసెన్సులు నాన్నగారి పేరు మీద ఉన్నాయి, ఆయన పదో తరగతి. నేను బీకాం చేశాను. షాపు నేను చూసుకోవాలంటే ఏం చదవాలి?

జవాబు: బాబూ, మీ బీకాం లెక్కల పుస్తకానికి చాలా ఉపయోగం, పురుగుమందుల లైసెన్సుకు మాత్రం పనికిరాదు. కేంద్రం నిబంధనలు మార్చాక ఆ లైసెన్సు కావాలంటే వ్యవసాయ డిగ్రీ గానీ, రసాయన, వృక్ష, జంతు శాస్త్రాల వంటి సబ్జెక్టులతో డిగ్రీ గానీ, గుర్తింపు ఉన్న సంస్థ నుంచి ఏడాది వ్యవసాయ డిప్లొమా గానీ ఉండాలి. మీకే ఉండాలని లేదు, ఆ చదువున్న మనిషిని షాపులో పెట్టుకోవచ్చు. పై ఉత్తరం రాసిన అమ్మాయి లాంటి వాళ్లకు మీలాంటి షాపుల్లోనూ ఉద్యోగాలున్నాయి. పేరుకు సర్టిఫికెట్ గోడకు తగిలించి మనిషిని కౌంటరులో కూర్చోబెట్టని షాపులు చూశాను. మీరలా చేయకండి.

మీరైనా, నాన్నగారైనా దేశీ (DAESI) అనే డిప్లొమాలో చేరండి. మేనేజ్ 2003లో డీలర్ల కోసమే మొదలుపెట్టిన ఏడాది కోర్సు ఇది. వారానికి ఒక రోజు చొప్పున 48 వారాలు, అందులో 40 తరగతులు, 8 పొలం సందర్శనలు. షాపు మూసుకోనక్కర్లేదు. జిల్లాలోని ఆత్మ (వ్యవసాయ సాంకేతిక యాజమాన్య సంస్థ) కార్యాలయంలో అడిగితే బ్యాచ్ ఎప్పుడో చెప్తారు. నేను చేరినప్పుడు నా పక్కన అరవై ఏళ్ల పెద్దాయన కూర్చునేవాడు. నలభై ఏళ్లుగా అమ్ముతున్న మందు మొక్క లోపలికి ఇంకి పని చేస్తుందో, పురుగుకు తాకితే పని చేస్తుందో ఆ తరగతిలోనే తెలిసిందని చెప్పాడు.

మీకు రెండు జాగ్రత్తలు. బయో మందుల పేరుతో ఎక్కువ మార్జిన్ ఆశ చూపి వచ్చే సరుకును ఊరికే దింపుకోకండి. 2021లో మొక్క ఎదుగుదలకు ఊతమిచ్చే బయోస్టిమ్యులెంట్లను కూడా ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. అనుమతి కాగితం చూశాకే తీసుకోండి. రెండోది అరువు. ఈ వ్యాపారంలో అరువు లేకుండా నడవదు. పంట యార్డుకు వెళ్లాకే డబ్బు వస్తుంది. షాపు పెట్టిన మూడో ఏడాది మిరప ధర పడిపోయి నా ఖాతా పుస్తకంలో సగం పేర్లు అలాగే నిలిచిపోయాయి. మా ఆవిడ గాజులు బ్యాంకుకు వెళ్లాయి. అప్పటి నుంచి ఒక రైతుకు ఎకరానికి ఇంత అని హద్దు పెట్టుకుని, అది దాటితే మందు ఇవ్వడం లేదు. మీ బీకాం ఇక్కడ అక్కరకు వస్తుంది.

ప్రశ్న: బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాదిలో ఉన్నాను. ఎంబీఏ చేస్తేనే కంపెనీల్లో పైకి వెళ్లగలమా?

జవాబు: వేగంగా వెళ్లడానికి ఉపయోగపడుతుంది. మేనేజ్‌లో 1996 నుంచి అగ్రి బిజినెస్ పీజీ డిప్లొమా ఉంది. దానికి క్యాట్ ప్రవేశ పరీక్ష రాయాలి. విత్తన ఉత్పత్తి వైపు ఇష్టమైతే ఎంబీఏ లేకుండానే గద్వాల పత్తి విత్తన పొలాల్లో, కరీంనగర్ హైబ్రిడ్ వరి పొలాల్లో పని నేర్చుకోవచ్చు. ఏది ఎంచుకున్నా, ఈ జూన్, జులై నెలలు దగ్గర్లోని షాపులో కూర్చోండి. ఉదయం ఏడింటికి రైతులు ఆకులు పట్టుకుని వస్తారు, పదింటికల్లా రద్దీ అయిపోతుంది. ఎక్కడా కుదరకపోతే పత్రిక ద్వారా నాకు రాయండి, నా షాపులో కూర్చోవచ్చు. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే.